ముప్పై చెడ్డ రోజులు

నా భార్య పేరును నా కూతురే చెరిపేసింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. జరిగి నాలుగు నెలలైంది.

డిపోలో ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలో రోజూ సాయంత్రం చార్టు వేసే ప్రోగ్రాం నా భార్య రాసింది. పన్నెండేళ్లు రాసింది. పోయి రెండేళ్లయింది. ఆ కుర్చీలో ఇప్పుడు మా అమ్మాయి కూర్చుంటోంది. కుర్చీతో సరిపెట్టుకోలేదు. తల్లి పనికి వెనక ఉన్న చిట్టా మొత్తం తుడిచేసి, అంతా కలిపి ఒక్క ముద్ద చేసి, పైన తన పేరు పెట్టుకుంది.

ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చినా ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అని గుర్తుపెట్టుకునే పనిముట్టు ఒకటుంటుంది. దాన్నే మా ఇంట్లో చిట్టా అంటాం. నా భార్య పేరు మీద అలాంటి మార్పులు పంతొమ్మిది వందల పన్నెండు ఉండేవి. డిపో కంప్యూటర్లో ఇప్పుడు ఒక్కటి లేదు. అన్నీ ఉన్నది ఆమె పాత లాప్‌టాప్‌లో మాత్రమే. లాప్‌టాప్ బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి నా చొక్కా జేబులో ఉంది.

మధ్యాహ్నం రెండున్నరకి అమ్మాయి ఆ బీరువా ముందు నిలబడింది.

"నాన్నా, తాళం ఇవ్వు."

"ఇవ్వను."

"ఐదింటికి చార్టు వెళ్లాలి."

"వెళ్లనీ."

"నిన్న ఆ డ్రైవరు మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి."

"విన్నాను."

వినకపోవడానికి నేనేమీ చెవిటివాణ్ని కాను. ఈ వారం నుంచి కొత్తగా ఒక బండి రాత్రి పన్నెండు దాటాక డిపోకి వస్తోంది. దాని డ్యూటీ దిగిన డ్రైవరుకి మా అమ్మాయి చార్టు తెల్లవారుజామున నాలుగూ ఏభైకి మొదటి బండి ఇచ్చింది. మూడు రోజులు అలాగే ఇచ్చింది. నాలుగో రోజు ఆ మనిషి బండిని డిపో గేటు స్తంభానికి రాసేశాడు. అద్దం పగిలి చెయ్యి కోసుకుంది. కునుకు పట్టిందని తనే ఒప్పుకున్నాడు.

డ్రైవరన్నవాడి నోట రాకూడని మాట అది. నేను ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపాను. స్టీరింగ్ ముందు రెప్ప వాల్చిన రోజు లేదు. ఒక్క ప్రమాదం లేకుండా నడిపానని డిపో ఇచ్చిన సర్టిఫికెట్టు ముందుగదిలో అద్దం కట్టించి ఉంది. కావలసినవాళ్లు చదువుకోవచ్చు.

"అమ్మ ప్రోగ్రాం తీసేస్తారు నాన్నా. రేపట్నుంచి కాగితం మీద గీస్తారట. మేనేజరు మొహం మీదే చెప్పారు."

"అమ్మ ప్రోగ్రామా? అందులో అమ్మ పేరెక్కడుంది? నీ పేరుంది. నీది తీసేస్తారు."

అమ్మాయి బీరువా వైపు తిరిగింది. నాలుగు నెలలుగా ఇదే. పాతది ఎందుకు తుడిచావు అంటే, మొదటి రోజు "బరువైపోయింది, శుభ్రం చేశాను" అంది. ఆ తర్వాత ఆ మాత్రం జవాబు కూడా లేదు. పళ్లెం పెడుతుంది, నేను తింటాను. టీ పెడతాను, ఆమె తాగుతుంది. ఇల్లు నడుస్తోంది.

వీధిలో స్కూటరు ఆగింది. మా బావమరిది. డిపోలో టైంకీపరు. చెప్పులు విడవకముందే మాటలు విడుస్తాడు.

"ఏం బావా, ఇంట్లో మాటలు మొదలయ్యాయే. వీధి మొదట్లోకే వినిపించాయి. నాలుగు నెలల తర్వాత మంచి శకునం."

"ఎందుకొచ్చావు?"

"నీ ఆప్యాయత కోసం. మేనేజరు పంపాడు. పెద్ద పెద్ద కాగితాలు తెప్పించాడు, గజం పొడుగు స్కేలు తెప్పించాడు. ఐదింటికి సరైన చార్టు రాకపోతే చేత్తో గీయడమే. గీసేది ఎవరనుకున్నావు? నేను. నా చేతిరాత నాకే తెలీదు. రేపు డ్రైవర్లంతా ఒకే బండి ఎక్కుతారు."

"ఎక్కనీ. కబుర్లు చెప్పుకుంటూ వెళ్తారు."

"బావా." వాడి గొంతు మారింది. "మా అక్క పన్నెండేళ్ల పని. దాన్ని నువ్వు బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎవరికి లాభం?"

నేను జేబు మీద చెయ్యి వేసుకున్నాను. తాళంచెవి అక్కడే ఉంది.

"తాళం ఇవ్వను. నేనే తీస్తాను. పని ఇక్కడ జరగాలి, ఈ బల్ల మీద, నా ముందు."

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "నేనొక్కదాన్నే కూర్చుంటే అరగంటలో అయిపోతుంది."

"ఒక్కదానివే కూర్చున్నందుకే ఇంతదాకా వచ్చింది."

"నాన్నా, ప్లీజ్. లాప్‌టాప్ తీసుకుని లోపలికి వెళ్తాను. అయ్యాక తెచ్చి నీకు చూపిస్తాను."

"నా ముందు. లేకపోతే లేదు."

ఆమె మామయ్య వైపు చూసింది. వాడు పైకప్పు వైపు చూశాడు. ఆమె గుమ్మం పట్టుకుని, "టైమెంత నాన్నా?" అంది.

"చేతికున్నదేమిటి?"

దీనికిదో జబ్బు. చిన్నప్పుడు బస్సులో నా వెనకాలే ఉన్న ముందు సీట్లో కూర్చుని ఐదు నిమిషాలకోసారి టైమెంత నాన్నా అని అరిచేది. కండక్టర్లు నవ్వేవాళ్లు. నేను రిటైరయ్యేదాకా మానలేదు. ఇప్పటికీ నా స్కూటరు వెనక ఎక్కితే అడుగుతుంది. గడియారం పెట్టుకుని టైమడిగే మనిషికి తల్లి కుర్చీ ఇచ్చారు.

బీరువా తీశాను.

నాది ఊరి బడి చదువు. కంప్యూటరు నాకెలా వచ్చని అడిగేవాళ్లుంటారు కాబట్టి చెబుతున్నాను. ఆఖరి ఏడాది మందులకి నా భార్య వేళ్లు మొద్దుబారాయి. ఆమె మంచం మీద నుంచి చెప్పేది, నేను కొట్టేవాణ్ని. మొదటి వారం ఒక్కో అక్షరం వెతుక్కున్నాను. నెలకి చూడకుండా కొట్టాను. ఆరు నెలలకి ఆమె చెప్పకముందే తర్వాతి మాట కొట్టాను. "తొందరపడకు, నేనింకా అనుకోలేదు" అంది.

ఆమె కూడా అలాగే నేర్చుకుంది. టికెట్ల సెక్షన్లో గుమస్తాగా చేరిన మనిషి. ఎవరూ నేర్పలేదు. వంటగది అలమర తలుపు మీద వారానికొక కాగితం అంటించేది. ఆ వారం ఆ ఒక్క సంగతి. ఒక వారం మౌస్ ముట్టుకోకూడదు. ఒక వారం ఏది మార్చినా పదిహేను నిమిషాల పని మించకూడదు. ఒక వారం ఎదుటివాడి తప్పు చూసే ముందు తను రాసింది పైకి చదవాలి. వారం దాటాక కాగితం చింపేసేది. అలవాటు ఉండిపోయేది.

ఆమె చేసిన పనుల్లో నాకు నచ్చింది చెడ్డ రోజులు. డిపోలో చార్టు తారుమారైన రోజు వచ్చినప్పుడల్లా ఆ రోజు వివరాలన్నీ ఒక ఫైలులో దాచేది. అలాంటివి ముప్పై. ప్రోగ్రాంలో చిన్న మార్పు చేసినా ముప్పై చెడ్డ రోజుల మీదా నడిపి, అన్నిటికీ చార్టు సరిగ్గా వస్తేనే బయటికి పంపేది. ఒకటోది వరద వచ్చిన రోజు. రెండోది సమ్మె. మూడోది అందరూ పెళ్లికని సెలవు పెట్టిన రోజు. ఏడోది ఏమిటని ఒకసారి అడిగాను. "అదొక రోజు" అంది.

ఆమె పోయాక కూడా నేను రోజూ పొద్దున టీ తాగి ముప్పై చెడ్డ రోజులూ నడుపుతాను. ముప్పైకి ముప్పై వస్తాయి. తర్వాత చిట్టాలో ఒక్క మార్పు చదువుతాను. ఆఖరుదాని నుంచి వెనక్కి. రోజుకి ఒక్కటే. ఇప్పుడు పన్నెండు వందల పది దగ్గర ఉన్నాను. రెండు చదివితే తొందరగా అయిపోతాయి.

అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. తను డిపో నుంచి తెచ్చిన ప్రోగ్రాం లాప్‌టాప్‌లోకి ఎక్కించింది.

"చెడ్డ రోజుల మీద నడుపు" అన్నాను.

"నడుపుతున్నాను."

"నాలుగు నెలల కిందట నడిపావా?"

"లేదు."

"ఎందుకు?"

"ఆ ఫోల్డరు తీసేశాను."

నేను ఏమీ అనలేదు. అనాల్సిన మాట నాలుగు నెలలుగా అంటూనే ఉన్నాను. ముందుగదిలోంచి మా బావమరిది, "అమ్మాయీ, మీ నాన్న మౌనంగా ఉంటే భయపడకు, మాట్లాడితేనే భయం" అన్నాడు.

ఇరవై తొమ్మిది రోజులు సరిగ్గా వచ్చాయి. ఏడోది తప్పింది.

"ఏడోదే" అంది అమ్మాయి వెంటనే. "చాలు. నాకు తెలుసు ఎక్కడో. డ్యూటీ దిగాక విశ్రాంతి ఇచ్చే రూలు. నేను తిరగరాసినప్పుడు పదకొండు దాటి దిగినవాడికి తెల్లారి మొదటి బండి వద్దని రాశాను. పన్నెండూ ఇరవైకి దిగితే కంప్యూటరుకి అది సున్నా గంటల ఇరవై నిమిషాలు. సున్నా పదకొండు దాటలేదు. విశ్రాంతి తీసుకున్నాడనుకుంది. అమ్మ రూలు తెచ్చి పెట్టేస్తాను. పది నిమిషాలు."

"తెలిస్తే తప్పెందుకు చేశావు?"

"ఇప్పుడు తెలిసింది."

"అమ్మది ఎందుకు తీశావు? బాగానే ఉంది కదా."

అమ్మాయి పాత రూలు తెరవబోయింది.

"మీ అమ్మ ఏమనేది? ఒక లైను ఎందుకుందో తెలియకుండా దాన్ని ముట్టుకోకూడదు. తీసేటప్పుడూ కూడదు, పెట్టేటప్పుడూ కూడదు. ఏడో రోజు ఏ మార్పుతో సరిపోయిందో వెతుకు. అక్కడ ఎందుకో రాసి ఉంటుంది. చదివి, అప్పుడు పెట్టు."

"టైం లేదు నాన్నా."

"మూడుంపావే అయింది. పంతొమ్మిది వందల పన్నెండు మార్పులు. సగం సగం చేసుకుంటూ పోతే పదకొండు సార్లు చూస్తే చాలు. ఒక్కోటి ఐదు నిమిషాలు. నాకు తెలియదనుకోకు."

తెలియదని ఆమె అనుకోలేదు. భయం ఆమె మొహంలో అప్పుడు కనపడింది. ఉద్యోగం గురించి అనుకున్నాను.

సగం సగం వెతకడం అంటే కష్టమేమీ కాదు. మధ్యలో ఉన్న మార్పు దగ్గరికి ప్రోగ్రాంని వెనక్కి తీసుకెళ్లి ఏడో రోజు నడపాలి. సరిగ్గా వస్తే మనకి కావలసింది అంతకు ముందే ఉంది. తప్పితే తర్వాత ఉంది. ఆ సగంలో మళ్లీ మధ్యకి వెళ్లాలి. నిఘంటువులో మాట వెతికినట్టే. నా భార్య మంచం మీద పడుకునే నాకిది నేర్పింది.

మొదటిది తొమ్మిది వందల ఏభై ఆరు. నేనింకా అంత వెనక్కి చదవలేదు. పక్కన రాసింది పైకి చదివాను.

"ఒకే పని మూడోసారి చేత్తో చేశాను. నాలుగోసారి చేయకుండా చిన్న ప్రోగ్రాం రాశాను."

ఏడో రోజు సరిగ్గా వచ్చింది. వెనక్కి. నాలుగు వందల డెబ్బై ఎనిమిది.

"నిన్న రాసింది తీసేశాను. తెలివి ఎక్కువైంది."

ముందుగదిలో మా బావమరిది గట్టిగా నవ్వాడు. "అదీ మా అక్క. వింటున్నావా బావా, నీకు పనికొచ్చే మాట."

ఏడో రోజు తప్పింది. ముందుకి. ఏడు వందల పదిహేడు.

"తొందరలో చేసింది. నాకే అర్థం కావడం లేదు. రేపు మొదటి పని ఇది చదవడం."

సరిగ్గా వచ్చింది. వెనక్కి. ఐదు వందల తొంభై ఏడు.

"మౌస్ లేకుండా వారం అయింది. మార్పులు ఎక్కువ చేశాను, తప్పులు తక్కువ చేశాను. మెడనొప్పి పోయింది."

ఏడో రోజు సరిగ్గానే వచ్చింది. "చూశావా" అన్నాను. "ఈ నాలుగు మాటలకి నీ రెండేళ్ల పని సాటి రాదు. నీకు వేగం ఉంది. మీ అమ్మకి వేగం లేదు. వారానికి ఒకటి నేర్చుకుంది, పన్నెండేళ్లకి ఆరువందల పైచిలుకు నేర్చుకుంది. ఒక్కటీ మర్చిపోలేదు. నువ్వు ముద్ద చేసింది దీన్ని."

అమ్మాయి కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నాన్నా, ఇక్కడితో ఆపుదాం."

"ఎందుకు?"

"ఏ వైపుందో తెలిసింది కదా. నేను కళ్లతో చూసి పట్టుకుంటాను."

"ఆపితే లాప్‌టాప్ మూసేస్తాను."

"నా మాట విను ఒక్కసారి."

"నాలుగు నెలలు నువ్వు విన్నావా?"

ఆమె మళ్లీ చేతులు కీబోర్డు మీద పెట్టింది. వేళ్లు తల్లి వేళ్లలా ఉంటాయి. ఎప్పుడూ తడబడవు. ఇప్పుడు ఒక్కో ఆదేశం రెండుసార్లు కొట్టింది.

ఐదో సారి తప్పు. ఆరో సారి తప్పు. ఏడోసారి సరి. ఎనిమిదోసారి సరి. మా బావమరిది గుమ్మంలోకి వచ్చి, "నాలుగయింది. మేనేజరు రెండుసార్లు ఫోన్ చేశాడు. స్కేలు తుడుచుకుంటున్నాడట" అన్నాడు. నేను చూసిన చూపుకి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

తొమ్మిదోసారి ఐదు వందల డెబ్బై. తప్పు. పదోసారి ఐదు వందల డెబ్బై రెండు. సరి. పదకొండోసారి ఐదు వందల డెబ్బై ఒకటి. తప్పు.

"దొరికింది" అన్నాను. "ఐదు వందల డెబ్బై రెండు. తెరువు."

ఆమె తెరవలేదు. తెరకీ నాకూ మధ్య చెయ్యి అడ్డం పెట్టింది. చిన్న పిల్లలా, అరచెయ్యి తెరిచి.

"నేను చదివి చెబుతాను" అంది.

"చెయ్యి తియ్యి."

"నాన్నా."

"తియ్యి."

తీసింది. నేనే కొట్టి తెరిచాను. పదకొండేళ్ల కిందటిది. మిగతావి ఒక లైను, రెండు లైన్లు. ఇది పొడుగ్గా ఉంది. పైకి చదవడం మొదలుపెట్టాను.

"డ్యూటీ దిగిన డ్రైవరుకి ఎనిమిది గంటలు కాకుండా బండి ఇవ్వకూడదు. గడియారం చూడకూడదు, దిగి ఎన్ని గంటలైందో చూడాలి. అర్ధరాత్రి దాటి దిగినవాడు గడియారానికి పెందలాడే దిగినట్టు కనపడతాడు."

అక్కడిదాకా పైకి చదివాను. మిగతాది నోటితో చదవలేదు.

"నిన్న తెల్లవారుజామున 41 నంబరు డ్రైవరు వంతెన మీద నిద్రపోయాడు. స్టీరింగ్ చేతిలోనే ఉంది. ఆయనకి తెలియదు. పరీక్షకి వెళ్తూ పిల్ల ముందు సీట్లో ఉంది. బండి పక్కకి పోతుంటే టైమెంత నాన్నా అని అరిచిందట. ఆయన ఉలిక్కిపడి టైం చెప్పాడట. ఇంటికొచ్చి పిల్ల నాకు ఒక్కదానికే చెప్పింది. ఆయనకి చెప్పను. చెబితే ఇంక బండి ఎక్కడు. ఈ రూలు అందరికీ. పేరు మాత్రం 41. నిన్నటిని చెడ్డ రోజుల్లో ఏడోదిగా పెట్టాను."

నలభై ఒకటి నా నంబరు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ముందుగదిలో మా బావమరిది ఎవరితోనో ఫోన్‌లో వస్తోంది వస్తోంది అంటున్నాడు.

పదకొండేళ్ల కిందట నాకు వరసగా రాత్రి, తెల్లవారుజాము డ్యూటీలు పడటం ఆగిపోయింది. సర్వీసుకి ఇచ్చిన మర్యాద అనుకున్నాను. భోజనాల దగ్గర ఆ మాట ఎన్నిసార్లు అన్నానో. మేనేజరుకి మనుషుల విలువ తెలుసు అనేవాణ్ని. నా భార్య వడ్డిస్తూ "తెలుసు" అనేది. ఈ పిల్ల తల వంచుకుని తినేది.

"ఎన్నిసార్లు?" అని అడిగాను.

"ఏవి?"

"నేను."

"ఒక్కసారే." చెయ్యి బల్ల మీద పెట్టింది. "ఆ తర్వాతవన్నీ ఊరికే అడిగేదాన్ని."

ఆ చేతికి గడియారం కనిపిస్తోంది. పట్టీ పాతబడింది. ఆ పరీక్షలు పాసయ్యాక నేను కొనిచ్చిందే.

"చిట్టా తుడిచింది ఇందుకా?"

"పై ఆఫీసువాళ్లు అమ్మ ప్రోగ్రాం పన్నెండు డిపోలకీ ఇస్తామన్నారు. చిట్టాతో సహా. ప్రతి డిపోలో నిన్ను ఎరిగినవాళ్లున్నారు. ఒక్కటే తీసేద్దామని చూశాను. రూలు పేరే నలభై ఒకటి. ఏడో రోజు చార్టులో నీ నంబరు ఉంది. ఒకటి తీస్తే ఇంకోటి బయటపడుతుంది. అందుకని అంతా కలిపేశాను. రూలు కూడా కొత్తగా రాశాను. నడిపి చూడటానికి చెడ్డ రోజులు లేవు. నేనే తీసేశాను కదా."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే ఇదంతా చెప్పాలి."

"నేను రోజుకొకటి చదువుతున్నానని నీకు తెలుసు."

"తెలుసు. పన్నెండొందల పది దగ్గరున్నావు. ఇంకా ఆరొందల రోజులుంది, ఈలోగా ఏదో ఒకటి చేద్దామనుకున్నాను."

ఆమె ఏడవలేదు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. తెర వైపు తిరిగి మామూలు గొంతుతో అంది. "రూలు ఒక్కటే తెచ్చి పెడతాను. పేరు విశ్రాంతి అని మారుస్తాను. అమ్మ పేరు మొదటి లైన్లో రాస్తాను. ఈ లాప్‌టాప్ నువ్వు మళ్లీ బీరువాలో పెట్టుకో. ఎవరికీ తెలియదు."

గడియారంలో నాలుగున్నర. నాలుగు నెలలు నేను అడిగింది ఒక్కటే, నా భార్య పేరు తిరిగి పెట్టమని. పెడితే నా పేరు కూడా ఎక్కుతుంది. పన్నెండు డిపోలు. ఎంతమందికి బండి నేర్పానో. కునుకు పట్టిందన్న ప్రతివాణ్ని ఎన్ని మాటలన్నానో. గోడ మీద ఆ సర్టిఫికెట్టు.

నిన్న కుట్లు పడ్డవాణ్ని కూడా అన్నాను. పొద్దున్నే అన్నాను.

"మొత్తం పెట్టు" అన్నాను.

"మొత్తం అంటే?"

"కింద మీ అమ్మవి పంతొమ్మిది వందల పన్నెండు. పైన నీది ఒకటి. చెడ్డ రోజులు ముప్పై. రూలు పేరు నలభై ఒకటి."

"ఐదు వందల డెబ్బై రెండు కూడానా?"

"అది లేకపోతే ఆ రూలు ఎందుకుందో తర్వాతివాడికి ఎలా తెలుస్తుంది? నీలాంటివాడే ఇంకొకడొచ్చి తీసేస్తాడు. ఒక్కటి తగ్గినా నేను ఊరుకోను."

"నాన్నా, ఆలోచించు."

"మీ అమ్మ ఆలోచించి రాసింది. నువ్వు కొట్టు."

కొట్టింది. చెయ్యి ఇప్పుడు తడబడలేదు. పాత రూలు పెట్టింది. ముప్పై రోజుల మీదా నడిపింది. ముప్పైకి ముప్పై. లేవబోయింది.

"కూర్చో. నిన్నటిది ఏది?"

అర్థమైంది ఆమెకి. గేటు స్తంభం రోజు వివరాలు తీసి ఫైలు చేసి ఫోల్డరులో పెట్టింది. ముప్పై ఒకటో చెడ్డ రోజు. మళ్లీ నడిపింది. ముప్పై ఒకటికి ముప్పై ఒకటి. ఎందుకు మార్చారో రాసే చోట కర్సరు ఆడుతోంది. ఆమె నా వైపు చూసింది.

"నీ తప్పు నువ్వే రాయి" అన్నాను.

రాసింది. "అమ్మ రూలు తీసేసి సొంతంగా రాశాను. గడియారం చూశాను, గంటలు చూడలేదు. చెడ్డ రోజుల మీద నడపలేదు. ఒక డ్రైవరుకి దెబ్బ తగిలింది. అమ్మ రూలు తిరిగి పెట్టాను." చదివాను. బాగుంది. అనలేదు.

నాలుగూ నలభై ఎనిమిదికి చార్టు డిపోకి వెళ్లింది. దానితోపాటు మొత్తం చిట్టా వెళ్లింది. మా బావమరిది ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడి విన్నాడు. "వచ్చిందట. రాత్రి దిగినవాడికి మధ్యాహ్నం బండి పడిందట. సరిగ్గా ఉందట." ఫోన్ జేబులో పెట్టి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇంతకీ ఏమిటి దొరికింది? ఎవరి తప్పట?"

"వెళ్లి కాగితాలు వెనక్కి ఇచ్చేయ్" అన్నాను.

"అవి నేను ఉంచుకుంటాను బావా. చేతిరాత నేర్చుకుంటాను." చెప్పులు వేసుకుని వెళ్లాడు. స్కూటరు చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

నేను ముందుగదిలోకి వెళ్లి సర్టిఫికెట్టు మేకు మీద నుంచి దింపాను. గోడ మీద దాని మేరకు తెల్లగా ఉంది. అమ్మాయి వెనకే వచ్చి నిలబడింది.

"టైమెంత నాన్నా?"

చూశాను. "ఐదుకి రెండు తక్కువ."

తలూపింది. తన చేతి గడియారం వైపు చూడలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. ఆమెది. తీసి విని, నోటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మేనేజరు. చిట్టా తెరిచారట. నలభై ఒకటో నంబరుతో మాట్లాడాలంటున్నారు."

ఫోన్ నా వైపు చాపింది. నేను అందుకోలేదు. సర్టిఫికెట్టు బీరువాలో, లాప్‌టాప్ ఉండే అరలో పెట్టాను. లాప్‌టాప్ బల్ల మీదే వదిలేశాను. తాళంచెవి దాని పక్కన పెట్టాను.

"అక్కడ రాసి ఉంది. చదువుకోమను" అన్నాను. "ఆయన అడిగినా, మీ మామయ్య అడిగినా, నువ్వు అడిగినా అంతే. దీని మాట నేను ఇంకెప్పుడూ ఎత్తను."